పొద్దుటి రైల్లో జంట మాటలు

"సారీ మేడమ్, ఐ డిడ్ ఎ మిస్టేక్."

నేత్రావతి ఫోను పెట్టేసిందో లేదో, ఎదుటి సీట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"మేడ్."

"ఏమి?"

"మేడ్ ఎ మిస్టేక్. మిస్టేక్‌ను డూ చేయరు, మేక్ చేస్తారు."

మరికుప్పం నుంచి బెంగళూరు వెళ్ళే పొద్దుటి రైలు అది. బంగారుపేటలో ఎక్కినవాళ్ళకు సీటు దొరకడమే గొప్ప. దొరక్క దొరక్క దొరికిన రోజే ఇలాంటివాడు ఎదురుపడ్డాడని ఆమెకు ఒళ్ళు మండింది.

"నేను మా మేడమ్‌తో మాట్లాడతా ఉంటే మీకేం పని?"

"సారీ అండీ. రాత్రి సరిగ్గా నిద్ర తీసుకోలేదు, నోరు జారింది."

"నిద్ర తీసుకుంటారా! నిద్ర పోతారు సార్, పోతారు!"

బోగీ అంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

అతని పేరు సెల్విన్. బంగారు గనుల కాలనీ చాంపియన్ రీఫ్స్‌వాడు. గనులు మూతపడేదాకా అతని తండ్రి ఆర్థర్ కార్మికులను లోపలికి దించే యంత్రం నడిపేవాడు. ఇంట్లో తమిళం, ఇంగ్లీషు. తెలుగు స్నేహితుల దగ్గర ఏరుకున్నది. వైట్‌ఫీల్డ్‌లో ఒక యంత్రభాగాల కంపెనీలో డ్రాయింగులు గీస్తాడు.

నేత్రావతిది బంగారుపేట పక్కన పట్టుపురుగులు పెంచే ఇల్లు. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో పని. రిసెప్షన్ ఉద్యోగం కోసం రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళి తప్పింది. "నీ గ్రామర్ బాగుంది. కానీ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో మాట్లాడినట్టుంది" అన్నారు. మూడోసారి మూడు వారాల్లో ఉంది. నాలుగోది ఉండదు.

అందుకే మూడో రోజు ఆమే వెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది.

"గాలి స్ట్రాంగ్, టీ స్ట్రాంగ్. మరి వాన మాత్రం హెవీ ఎందుకు?"

"తెలీదు."

"తెలీకుండానే నాకు పాఠం చెప్పినారా?"

"మీరు చెప్పండి. చెయ్యి కడుగుతారు, గిన్నె తోముతారు, బట్ట ఉతుకుతారు. మా ఇంగ్లీషులో అన్నీ వాషే కదా?"

ఆమె ఆలోచించి, ఓడిపోయి, నవ్వేసింది. "అదంతే."

"ఇదీ అంతే. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో విని పట్టుకోవాల."

అప్పట్నుంచి బేరం కుదిరింది. మాలూరు వచ్చేలోగా ఆమెకు ఆరు ఇంగ్లీషు జంట మాటలు, అతనికి మూడు తెలుగువి. పే అటెన్షన్. క్యాచ్ ఎ కోల్డ్. కీప్ ఎ ప్రామిస్. కల చూడరు, కంటారు. ఒట్టు చేయరు, వేస్తారు.

ఒక రోజు కిటికీలోంచి జల్లు కొడుతుంటే ఆమె అడిగింది. "ఫాల్ ఇన్ లవ్ అంటారే. పడనే పడాలా? నిలబడి చేయకూడదా?"

"మీ తెలుగులో?"

"మా తెలుగులోనూ... పడతారు."

ఇద్దరూ ఒకేసారి కిటికీ మూయబోయారు. చేతులు తగిలాయి. కిటికీ మాత్రం తెరిచే ఉండిపోయింది.

ఇంటర్వ్యూ రోజు మాలూరు దాటాక రైలు ఆగిపోయింది. ఇంజను చెడిందట. తొమ్మిదిన్నర అయింది. పదికి ఆమె బెంగళూరులో ఉండాలి.

"ఫోను ఇట్లివ్వండి, నేను మాట్లాడతాను" అని సెల్విన్ చెయ్యి చాచాడు.

"వద్దు. నేనే చేస్తా."

తనే నంబరు నొక్కింది. "గుడ్ మార్నింగ్ మేడమ్. ఐయామ్ రన్నింగ్ లేట్. మై ట్రెయిన్ హ్యాజ్ బ్రోకెన్ డౌన్."

తర్వాత వేరే మీటింగు ఉందనీ, ఇంటర్వ్యూ ఫోనులోనే ఇప్పుడే కానిచ్చేద్దామనీ మేడమ్ అంది. పూలు అమ్మే ఆదిలక్ష్మమ్మ బోగీనంతా "ష్!" అని కసిరింది. రోగి బంధువు ఒకడు కోపంతో వచ్చి నీ మీద అరిస్తే ఏం చేస్తావు? అదీ ప్రశ్న.

నేత్రావతి సెల్విన్ వైపు చూసింది. అతను కావాలనే కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆమెకు ఒక్క క్షణం కోపం వచ్చింది. మరుక్షణం ధైర్యం వచ్చింది.

"ఐ విల్ గివ్ హిమ్ ఎ సీట్, మేడమ్. అండ్ వాటర్. ఐ విల్ పే అటెన్షన్. బట్ ఐ విల్ నాట్ మేక్ ఎ ప్రామిస్ ఐ కెనాట్ కీప్."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత మేడమ్, "వచ్చే సోమవారం జాయిన్ అవ్వు" అంది.

బోగీలో ఈలలు! ఆదిలక్ష్మమ్మ మూర మల్లెలు తెంచి ఆమె జడలో పెట్టింది. సెల్విన్ ఎగిరి లేచి, నెత్తిని పైనున్న సామాన్ల అరకు కొట్టుకుని, అలాగే నవ్వుతూ నిలబడ్డాడు.

సాయంత్రం తిరుగు రైలు బంగారుపేట చేరుతుండగా నేత్రావతి మెల్లగా చెప్పింది.

"నా డ్యూటీ ఇంగ మధ్యాహ్నం మొదలు. పొద్దున రైలుకు రాను."

అతని నవ్వు ఆగిపోయింది. "నేత్రావతిగారూ, ఐ..."

"తెలుగులో చెప్పండి."

"మీరు లేకపోతే ఈ రైలు నాకొద్దు. మీరంటే నాకు చానా ఇష్టం. ఎప్పట్నుంచో."

ఆమె జడలోని మల్లెలు సర్దుకుంది. "ఒక్క తప్పు కూడా లేదు. ఆదివారం మా నాయనతో కూడా ఇట్లే చెప్పాల."

ఆదివారం సెల్విన్ తండ్రి ఆర్థర్‌తో వచ్చేసరికి నేత్రావతి ఇల్లంతా గందరగోళం. నేత్రావతి తండ్రి చిన్నవెంకటప్ప గడపలోనే ఆపాడు.

"మాట్లాడే టైము లేదప్పా. పురుగు పండింది, మేత మానేసింది. పొద్దు మునిగేలోగా ఏరి చంద్రికలకు ఎక్కించకపోతే గూడు కట్టదు."

ఆర్థర్ కోటు విప్పి మేకుకు తగిలించాడు. సెల్విన్ చొక్కా చేతులు మడిచాడు. మొదటి పురుగు అరచేతిలో మెత్తగా కదలగానే అతను పెట్టిన కేకకు నేత్రావతి తట్ట పక్కన కూలబడి నవ్వింది. తర్వాత అతను కేకలు వేయలేదు. పొద్దు వాలేసరికి చాపల్లాంటి వెదురు చంద్రికలన్నీ పురుగులతో నిండాయి.

చిన్నవెంకటప్ప చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "పిల్ల అంతా చెప్పింది. మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. ఊర్లో నాలుగు మాటలంటారు."

"అయ్యా, మనుషులను భూమిలోకి దించే మిషను నడిపినాను నేను" అన్నాడు ఆర్థర్. "దిగేటోళ్ళను నీ దేవుడెవరని అడగలేదు. దిగినోళ్ళంతా పైకొచ్చినారా లేదా, అదే చూసినాను."

చిన్నవెంకటప్ప కూతురి వైపు తిరిగాడు. "నీకేమమ్మా?"

"నాకిష్టమే నాయనా."

ఆయన అవుననలేదు, కాదనలేదు. లోపల్నుంచి నేత్రావతి తల్లి చిన్నవెంకటమ్మ, "ముందు తినండి, పొద్దున్నుంచి ఆకలితో ఉండారు" అని రాగి ముద్దలు తెచ్చింది. అందరూ వరసగా కూర్చున్నారు. సెల్విన్ తలెత్తకుండా తింటున్నాడు.

చిన్నవెంకటప్ప అతని పళ్ళెం వైపు చూశాడు.

"ఏమే, అల్లుని ముద్ద మీద నెయ్యి వెయ్యలేదే!"

అందరి చేతులూ ఆగిపోయాయి. తానేమన్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. మీసం చాటున నవ్వుకుంటూ, నెయ్యి గిన్నె తానే అందుకున్నాడు.