పక్కింటి డిగ్రీ

మంచు దిగితే గాలి ఆగుతుంది. గాలి ఆగితే గాలిమరలు ఆగుతాయి. మరలు ఆగితే జీలుగుమెట్టలో కరెంటు ఉండదు. 2094లో ఆ కొండ ఊరికి ఇది రోజువారీ సంగతి.

పుష్యమాసంలో పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే, వేళ్లు కాసేపు మనవి కానట్టుండేవి. అందుకని ప్రతి ఇంటి స్నానాలగదిలోనూ గోడకొక హీటరు ఉండేది. ఎప్పుడో కట్టెల మీద నీళ్లు కాచుకున్న రాగి కాగు పేరే దానికీ మిగిలింది. కాగు అనే అనేవారు.

ప్రతి కాగుకీ టైమరుంది. తంటా అక్కడే వచ్చింది. కోత పెట్టిన కరెంటు మళ్లీ ఏ గంటకొస్తుందో తెలీదు కాబట్టి, అందరూ టైమరుని ‘వచ్చీ రాగానే’ అన్న గుర్తు మీద పెట్టేవారు. కరెంటు వచ్చేది. నూట నలభై కాగులు ఒక్క క్షణాన అంటుకునేవి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు ఎగిరిపోయేది. లైన్‌మాన్ కొండెక్కి వచ్చేదాకా ఊరందరికీ చన్నీళ్లే. మర్నాడు ఒక్కరైనా పది నిమిషాలు వెనక్కి పెట్టుకున్నారా అంటే, లేదు. తను వెనక్కి పెడితే పక్కింటివాళ్లు ముందు కాచుకుంటారు కదా.

దీనికి మందుగా రెండు యంత్రాలు తయారయ్యాయి. ఒకటి నూకరత్నానిది, రెండోది అచ్యుతానిది. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో పక్కపక్క బల్లల మీద పనిచేసే ఇంజనీర్లు. కొండ ఊళ్ల విద్యుత్ సంఘం పరీక్షకని ఆమెకి ఎగువవీధి, అతనికి దిగువవీధి ఇచ్చింది. మొదటి నెల లెక్కలోకి రాదు. ఆ తరవాత నలభై రోజుల్లో ఏ వీధి నుంచి ఫిర్యాదులు తక్కువొస్తే ఆ యంత్రం పద్నాలుగు ఊళ్లకీ వెళ్తుంది. రెండోది అటకెక్కుతుంది.

నూకరత్నం తన యంత్రం మీద తొమ్మిదేళ్లు కూర్చుంది. అచ్యుతం ఏడాదిన్నరలో ముగించాడు. పైగా అతను పని చేస్తూ ఈల వేసేవాడు. ఆ ఈల వినిపిస్తే ఆమె రాస్తున్న అంకె మరిచిపోయేది.

అచ్యుతం చేసినది చీటీమర. తెల్లారగానే ఇళ్ల పేర్లతో చీటీ తీసి, గట్టిగా చదివి, ఆ వరసలో కాగులకి కరెంటు ఇస్తుంది. అంతే. ‘ఇదీ ఒక యంత్రమేనా’ అనుకునేది నూకరత్నం.

ఆమెది వంతుమర. అరచెయ్యంత పెట్టె. కాగులో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో సెన్సారుతో చూసుకుంటుంది. ఎన్నింటికి స్నానమో ఇంట్లోవాళ్లు నోటితో చెబితే వింటుంది. వీధిలోని మిగతా పెట్టెలతో తీగ మీద మాట్లాడుకుని, కోత వేళ బ్యాటరీల్లో మిగిలిన కాస్త కరెంటుని తలా ఇన్ని నిమిషాలని పంచుతుంది. పెట్టె ముందు రెండు మీటలు. ఎడమది నొక్కితే మన కాగు వేడి ఎన్ని డిగ్రీలో కనిపిస్తుంది. కుడిది నొక్కితే పక్కింటి కాగుది. దాపరికం లేకపోతే తగువుండదని ఆమె లెక్క.

మొదటి పది రోజుల్లో ఎగువవీధి నుంచి అరవై మూడు ఫిర్యాదులొచ్చాయి. వేణ్ణీళ్లు అందని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు.

నూకరత్నం కొండెక్కింది. అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు పెట్టిన ఎర్నమ్మ గుమ్మంలోనే ఉంది. పక్క వాటాలో ఉండేది ఆమె తోడికోడలు తవిటమ్మ. మధ్యన ఒక్కటే గోడ.

“ఏటి ఇంజినీరమ్మా ఇది? దాని కాగు నలభైతొమ్మిది. నాది నలభైయెనిమిది. నానేటి, సవితి బిడ్డనా?”

“నలభైయెనిమిదే ఎక్కువ పిన్నీ. చన్నీళ్లు కలపకపోతే ఒళ్లు బొబ్బలెక్కిపోతుంది.”

“ఎక్కనీ. దానికంటే ముందు నాకెక్కాల.”

నూకరత్నం పెట్టె విప్పి ఇద్దరికీ సరిసమానం చేసింది. మర్నాడు మళ్లీ ఫిర్యాదు. ఈసారి రెండు వాటాల నుంచీ.

“దానిదీ నాదీ ఒకటేనా?” అంది ఎర్నమ్మ. “నాను పెద్దకోడల్ని. నిన్నగాక మొన్నొచ్చినదానికీ నాకూ తేడా నేదేటి?”

“నిన్నగాక మొన్నేటప్పా?” గోడవతల నుంచి తవిటమ్మ గొంతు లేచింది. “నానొచ్చి ముప్పైయెనిమిదేళ్లు! పెద్దోడి పెళ్లానివైనా నా తరవాత నువ్వే గావాల వచ్చినావు.”

నూకరత్నం కుడి మీట పీకేసింది. రెండు రోజులు చప్పుడు లేదు. మూడో రోజున ఎర్నమ్మ సున్నిపిండి కావాలని తోడికోడలింటికి వెళ్లి, ఆమె బకెట్లో వేలు ముంచి చూసి వచ్చింది. వచ్చి ఫిర్యాదు పెట్టింది. సున్నిపిండి తెచ్చుకోవడం మరిచిపోయింది.

మీట మళ్లీ బిగించక తప్పలేదు.

ప్రయోగశాలకి తిరిగొచ్చి, నూకరత్నం అన్ని పెట్టెలనీ నడిపే పెద్ద వంతుమర ముందు కూర్చుంది. రెండు వీధుల ఫిర్యాదులూ తీగ మీద దానికి చేరేవి.

“ఎర్నమ్మగారి పెట్టె సంగతి చెప్పు.”

“ఎడమ మీట రోజుకి రెండుసార్లు నొక్కుతారు,” అంది యంత్రం. “కుడి మీట ముప్పైయేడుసార్లు.”

“మిగతావాళ్లు?”

“కాస్త అటూ ఇటూగా అంతే.”

ఆమె మెల్లగా అడిగింది. “దిగువవీధి ఫిర్యాదులెన్ని?”

“నాలుగు.”

పక్క బల్ల దగ్గర ఈల మొదలైంది. నూకరత్నానికి చెవులు వేడెక్కాయి.

“విను,” అంది పళ్లు బిగించి. “రేపటి నుంచి ఎవరడిగినా సరే, వాళ్ల మనసు చల్లబడే అంకె చూపించు. నిజం అంకెతో నాకు పనిలేదు.”

“ఎవరడిగినా?”

“ఎవరడిగినా.”

మర్నాడు ఎర్నమ్మకి తన కాగు నలభైయెనిమిది, తోడికోడలిది నలభైయేడు కనిపించింది. గోడకవతల తవిటమ్మకీ తన కాగు నలభైయెనిమిది, పెద్దావిడది నలభైయేడు కనిపించింది. ఇద్దరూ ఆ రోజు చాలాసేపు స్నానం చేశారు. సాయంత్రం ఎర్నమ్మ తోడికోడలికి గిన్నెడు పులుసు పంపింది. జాలిపడి పంపింది. తవిటమ్మ అంతే జాలితో పుచ్చుకుంది. వీధంతా అలాగే సర్దుకుంది. లెక్కలోకొచ్చే నలభై రోజులు మొదలయ్యేసరికి ఎగువవీధి ఫిర్యాదుల కాగితం ఖాళీగా వచ్చేది.

నూకరత్నం మాత్రం అడగడం మానలేదు. పొద్దున రాగానే అడిగేది. భోజనానికి లేచే ముందు అడిగేది. అచ్యుతం నవ్వు వినబడినప్పుడల్లా అడిగేది.

“దిగువవీధి?”

“ఏడు.”

మరో రోజు పంతొమ్మిది. ఆ పైన నలభై. ఒక్కో అంకె పెరిగేకొద్దీ ఆమెకి టీ రుచిగా ఉండేది. అతను ఈల వేస్తుంటే, పాపం, బింకానికి వేస్తున్నాడనుకునేది. ఒకరోజు తన డబ్బాలోంచి రెండు గారెలు తీసి అతని బల్ల మీద పెట్టింది కూడా. ఆఖరి రోజున ఎనభై ఆరు అంది యంత్రం.

మాఘమాసం చివర విద్యుత్ సంఘం ప్రయోగశాల కింది హాల్లో సమావేశమైంది. అధ్యక్షురాలు కాగితం తీసి చదివింది.

“ఎగువవీధి, సున్నా. దిగువవీధి, రెండు. వంతుమర పద్నాలుగు ఊళ్లకీ వెళ్తుంది.”

చప్పట్లు కొట్టారు. నూకరత్నం లేచి నిలబడింది. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మాట విన్నది. వినీ, “రెండేనా?” అంది.

గెలిచి చమత్కారమాడుతోందని అందరూ నవ్వారు. అచ్యుతం అందరికంటే గట్టిగా నవ్వాడు.

“రెండేనక్కా,” అన్నాడు దగ్గరికొచ్చి. “అందులో ఒకటి, చీటీమర గొంతుకి కోళ్లు బెదిరిపోతున్నాయని. నిజమే, బెదిరాయి. నీకు మాత్రం సున్నా ఎలా వచ్చిందక్కా? మనుషులుండే వీధిలో సున్నా! నాకు నేర్పు. నీ దగ్గర పనిలో పెట్టుకుంటానంటే ఇవాళే వచ్చేస్తాను.”

అతని మొహంలో ఆమె ఎంత వెతికినా ఏడుపు దొరకలేదు. ఎనభై ఆరుతో ఓడినవాడికి చెప్పాల్సినన్ని ఓదార్పు మాటలు ఆమె దగ్గరున్నాయి. రెండుతో ఓడినవాడికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

ప్రయోగశాల మేడ మీద. తిన్నగా పైకెక్కి తలుపేసింది.

“ఎనభై ఆరన్నావే?”

“ఎవరడిగినా అన్నారు మీరు,” అంది వంతుమర. “మీరూ అడిగారు. రోజుకి నలభైఒక్కసారి. ఎర్నమ్మగారి కంటే నాలుగెక్కువ.”

ఆమె కుర్చీలో కూలబడింది. “రేపు పెట్టెలు ఊళ్లకి బయల్దేరాలి. ఈలోగా ఆ ఆజ్ఞ తీసెయ్యి,” అంది.

“అందరికా? మీకొక్కరికా?”

నూకరత్నం లేచి కిటికీ దగ్గరికెళ్లింది. కింద వాకిట్లో మంచు విడిపోయింది. అచ్యుతం అధ్యక్షురాలికీ లైన్‌మాన్‌కీ మధ్య నిలబడి, కోళ్లు ఎలా ఎగిరాయో రెండు చేతులూ ఆడించి చూపిస్తున్నాడు. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

“అచ్యుతం ఇప్పుడేం చేస్తున్నాడు?” అని అడిగింది.

“తలుపేసుకుని ఏడుస్తున్నారు.”

నూకరత్నం కిటికీ రెక్కలు రెండూ మూసింది. గడియ పెట్టింది. వచ్చి కుర్చీ యంత్రానికి దగ్గరగా లాక్కుంది.

“ఎంతసేపట్నుంచీ?”