బ్యాటరీ తాగే దయ్యం

శవం దొరకలేదు. రక్తం మాత్రం దొరికింది.

ఖలాఫ్ కారులో. డ్రైవర్ సీటు మీద, తలుపు పిడి మీద, అక్కణ్ణుంచి కారి వాళ్ళింటి వాకిట్లో మట్టి మీద. ల్యాబ్ రిపోర్టు కూడా వచ్చింది. అతని రక్తమే. మనిషిని కాలవలో తోసి ఉంటారని ఊరంతా తేల్చేసింది.

చంపిందెవరో చెప్పడానికి సొహాగ్ జిల్లాలో పోలీసులు అక్కర్లేదు. పదేళ్ళ క్రితం ఖలాఫ్ తండ్రి, దాహి తండ్రిని కాల్చి చంపాడు. జైల్లోనే జబ్బుచేసి పోయాడు. దాంతో పగ తీరినట్టు కాదు. అది దాహి నెత్తిన కూర్చుంది. పగ తీర్చుకునేవాడు అవతలి ఇంట్లో పనికొచ్చే మగవాణ్ణే ఏరుకుంటాడు. ఆ ఇంట్లో పనికొచ్చేవాడు ఖలాఫే.

పోలీసు మేజర్ షాకిర్ ఆ పూటే దాహిని లోపలేశాడు. మూడు వారాలు అడిగాడు. జవాబు ఒకటే.

“నేను చంపలేదు సార్. చంపితే దాచుకోను. మాలో అది దాచుకునే పని కాదు.”

ఆ మాట షాకిర్‌ని కుదురుగా కూర్చోనివ్వలేదు.

శవం లేకుండా మనిషిని ఎంతకాలం ఉంచుతారు? వదిలెయ్యమని ప్రాసిక్యూటర్ ఆర్డర్ వచ్చేసింది. ఈ సాయంత్రమే విడుదల. ఖలాఫ్ వాళ్ళన్న హమ్మామ్ సూయజ్‌లో పని మానుకుని వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. అన్నదమ్ముల తల్లి నఫీసా ఓదార్పులకు ఒప్పుకోలేదు. పందిరి వెయ్యనివ్వలేదు, కాఫీ కాయనివ్వలేదు, వచ్చిన ఆడవాళ్ళని గుమ్మంలోంచే తిప్పి పంపింది. దానికి అర్థం ఒకటే. ముందు పగ, తర్వాతే ఏడుపు. దాహి స్టేషన్ మెట్లు దిగితే ఇల్లు చేరడు.

షాకిర్ చేతిలో ఒక్క మధ్యాహ్నం ఉంది. చెయ్యడానికి మాత్రం ఒక్క పనే ఉంది. సాక్ష్యం కింద ఆ కారుని స్టేషన్‌కి తరలించాలి.

కారు కదల్లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. తరలింపు ఆర్డర్ వచ్చేలోగా ఇప్పటికే మూడు కొత్త బ్యాటరీలు పెట్టించారు. మూడూ రెండేసి రోజుల్లో ఎండిపోయాయి.

“దయ్యం తాగేస్తోంది సార్,” అన్నాడు కానిస్టేబుల్ ఉకాషా. “రక్తం పడ్డచోట లేస్తుంది. కారు దగ్గర దగ్గు వినిపిస్తోందని పక్కింటివాళ్ళు పిల్లల్ని కూడా ఇటు రానివ్వడం లేదు. కొత్త మేకు ఒకటి నేలలో దిగ్గొడితే అణిగిపోతుంది. నిన్న నేను కొట్టబోతే ఆ పెద్దావిడ సుత్తికి అడ్డంగా కూర్చుంది.”

“ఎందుకట?”

“కొడుకు గొంతు అణిచెయ్యకండి అంది.”

ఉకాషాకి ఒళ్ళు జలదరించింది. నిజం చెప్పాలంటే షాకిర్‌కీ జలదరించింది. ఆ వాకిట్లో ఎండ ఉన్నా వెలుగున్నట్టు లేదు. కారు పక్కన పశువుల మేత గుట్టగా పడి ఉంది. కోళ్ళు కూడా అటు పోవడం లేదు.

కానీ షాకిర్‌కి ఒక రోగం ఉంది. సెలవు రోజున తన పాత కారుని ఇంటిముందు విప్పుకుని కూర్చుంటాడు. కారునైనా విచారణ చెయ్యందే ఈయనకి ముద్ద దిగదని భార్య దెప్పుతుంటుంది. స్టేషన్ నుంచి మంచి బ్యాటరీ తెప్పించి బిగించాడు. నెగటివ్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య చిన్న టెస్ట్ ల్యాంపు కట్టాడు.

తాళం లేదు. తలుపులు మూసి ఉన్నాయి. కారులో ఏదీ వాడకంలో లేదు. ల్యాంపు వెలగకూడదు.

వెలిగింది.

“చూశారా సార్?” అన్నాడు ఉకాషా, నాలుగడుగులు వెనక్కి వేసి.

“ఏదో కరెంటు లాగుతోంది. ఏది లాగుతోందో పట్టుకోవాలి. ఫ్యూజులు ఒక్కోటీ పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు ల్యాంపు ఆరుతుందో అదే దొంగ.”

హెడ్‌లైట్ల ఫ్యూజు పీకాడు. ఆరలేదు. హారన్‌ది, రేడియోది, వైపర్‌ది పీకాడు. ఆరలేదు. చివరికి పెట్టె ఖాళీ అయింది. ఆల్టర్నేటర్ తీగ కూడా విప్పేశాడు. ల్యాంపు అలాగే వెలుగుతోంది.

నఫీసా గుమ్మంలో నిలబడి చూస్తోంది. తేలు కుట్టిన దొంగలా ఉలుకూ పలుకూ లేదు.

“ఫ్యూజులన్నీ పీకేశాను,” అన్నాడు షాకిర్, కావాలనే గట్టిగా. “దొంగ కారులో లేడు. ఇక కారు కింద నేల తవ్వించాలి.”

ల్యాంపు ఆరిపోయింది.

ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. ఉకాషా దేవుణ్ణి తలుచుకుంటూ గేటు దాకా పోయాడు. షాకిర్ ఒక్క నిమిషం కారునే చూశాడు. తర్వాత నఫీసా మొహం చూశాడు. అక్కడ భయం ఉంది, కానీ దయ్యాన్ని చూసిన భయం కాదు.

వెంటనే దాహిని ఆ ఇంటికే తీసుకురమ్మని జీపు పంపాడు.

పొద్దు వాలే వేళకి నలుగురూ వాకిట్లో ఉన్నారు. గేటు దగ్గర దాహి, కానిస్టేబుళ్ళ మధ్య. గుమ్మంలో నఫీసా. మంచం మీద హమ్మామ్, తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని. షాకిర్ చెయ్యి చాచి తుపాకీ అడిగాడు. ఇవ్వలేదు.

“నీ తమ్ముడు చచ్చాడని నీకెవరు చెప్పారు?”

“రక్తం చెప్పింది.”

“మీ అమ్మ చెప్పిందా?”

హమ్మామ్ తల్లి వైపు తిరిగాడు. ఆలోచించాడు. “లేదు.”

“మూడు వారాల్లో ఒక్కసారైనా వాడు పోయాడు అన్న మాట ఆమె నోట విన్నావా?”

హమ్మామ్ తుపాకీ పట్టుకుని లేచాడు.

షాకిర్ కారు దగ్గరికి వెళ్ళాడు. “బ్యాటరీ నుంచి స్టార్టర్‌కి వెళ్ళే లావు తీగకి ఫ్యూజు ఉండదు. అందుకే ఎన్ని పీకినా ల్యాంపు ఆరలేదు. ఆ తీగకి ఎవరో సన్నతీగ కలిపారు. అది చక్రం వెనకనుంచి మట్టిలోకి దిగింది. మేకు కొడితే తెగేది. దయ్యానికి భయపడి ఈ కారు జోలికి ఎవరూ రారు కాబట్టి అదే మంచి చోటు. ఇంట్లోంచి తీగ లాగితే నువ్వు చూస్తావు. ఇక ల్యాంపు తనంతట తాను ఆరింది చూడు, అప్పుడే అర్థమైంది. నేను తవ్విస్తానంటే విని ఆర్పేశారు. దయ్యాలు స్విచ్చి నొక్కవు.”

మేత గుట్టని కాలితో పక్కకి నెట్టాడు. కింద చెక్కమూత. పాత ధాన్యం పాతర.

“దీపం, చిన్న ఫ్యాను. అంతేనా పెద్దమ్మా?”

నఫీసా గుమ్మంలోనే కూలబడింది. ఇక దాచలేదు. ఎలాగూ చంపుతారు కాబట్టి ఊరి లెక్కలో తనే వాణ్ణి ముందు చంపేసింది. కొడుకే చెయ్యి కోసుకుని కారంతా రక్తం పూశాడు. అవతలివాళ్ళు తమలో ఎవరో పగ తీర్చారనుకుంటారు, లెక్క సరిపోతుంది, ఎప్పుడో వాణ్ణి ఊరు దాటించవచ్చు. అనుకున్నదంతా చేసింది, ఒక్కటి తప్ప.

“ఓదార్పు ఒప్పుకుంటే పగ ముగిసేదని నాకు తెలియదా సార్? బతికున్న బిడ్డకి పందిరి ఎలా వేయించను? నోరు రాలేదు. ఆ ఒక్క పనీ చేతకాక పెద్దాడి చేతికి తుపాకీ ఇచ్చినదాన్నయ్యాను.”

మూత కదిలింది. ఖలాఫ్ పైకి వచ్చాడు. గడ్డం పెరిగి, పాలిపోయి, ఎండకి కళ్ళు మూసుకుని దగ్గాడు. హమ్మామ్ తుపాకీ జారి కింద పడింది. తమ్ముణ్ణి పట్టుకుని తిట్టాడు, కొట్టాడు, వదల్లేదు.

నఫీసా మాత్రం దాహినే చూస్తోంది.

“దొరకబట్టారుగా సార్. ఇప్పుడు వీణ్ణి ఎవరు కాస్తారు? మీరా?”

షాకిర్‌కి ఒకణ్ణి బతికించబోయి ఇంకొకణ్ణి తుపాకీ ముందుకి లాక్కొచ్చానని అప్పుడు తెలిసొచ్చింది. కేసు తేల్చినందుకు మొదటిసారి సిగ్గేసింది.

దాహి చాలాసేపు ఖలాఫ్‌ని చూశాడు. తర్వాత కానిస్టేబుళ్ళని పక్కకి జరగమన్నాడు.

“మొన్న మా అమ్మ నన్ను చూడ్డానికి స్టేషన్‌కొచ్చింది. పదేళ్ళ తర్వాత సంతాపపు నల్లబట్టలు తీసేసింది. కడుపు చల్లబడిందిరా అంది. చంపలేదని నేను ఎంత చెప్పినా నమ్మలేదు. వీడు బతికున్నాడని నేనామెతో చెప్పలేను. చంపనూ లేను. ఈ ఊరికి వీడు చచ్చాడు. అంతే.”

షాకిర్ ఖలాఫ్ వైపు తిరిగాడు. “జీపు వెనక పడుకో. స్టేషన్లో నా పేపర్ల పని అయ్యాక జిల్లా దాటిస్తాను. మళ్ళీ ఇటు రాకూడదు. చావుకి కూడా.”

ఖలాఫ్ తలూపాడు.

దాహి నాలుగడుగులు వేసి నఫీసా ముందు నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. చావింట్లో అందరూ అనే మాటే అన్నాడు.

“పోయినవాడి మిగిలిన ఆయుష్షు మీకు కలవాలి, తల్లీ.”

ఆమె కొడుకు వైపు తిరగబోయి ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి దాహి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

“నీకూ కలవాలి, నాయనా,” అంది.

అని, బతికున్న కొడుకు ఎదుటే, శవం మీద పడి ఏడ్చినట్టు ఏడ్చింది. హమ్మామ్ కళ్ళు తుడుచుకుని, పందిరి గుంజలు అడగడానికి పక్కింటికి వెళ్ళాడు.