మెడ లేని గుండీ

దర్జీకి గుండెపోటు వచ్చిందని పెళ్ళివారికి చెప్పారు. దుప్పటి కప్పి, వెనక దారిన బండెక్కించారు. తన కొలతల టేపే మెడకి మూడు చుట్లు బిగుసుకుపోయి ఎవరికైనా గుండెపోటు వస్తుందా? వచ్చిందంటే వచ్చిందంతే. పెళ్ళిల్లు కదా, చావు మాట ఎవరు పెంచుతారు!

పొద్దున్న ఏడింటికి ఆఫీసులో చీఫ్ ఛాతీలో మంటకి మాత్ర చప్పరిస్తూ విషయం చెప్పాడు.

"పెళ్ళికూతురి తండ్రి షిప్పుల యజమాని. ఆయన షిప్పుల్లో విదేశీ ముఠా ఆయుధాల డిజైన్లు దాటిస్తోంది. రేపు విచారణ కమిషన్ ముందు పేర్లు బయటపెడతాడు. ఈ పెళ్ళిలోనే ఆయన్ని లేపేస్తారు."

"ఎవరు?"

"తెలీదు."

"ఎలా?"

"తెలీదు. దర్జీకి తెలిసుంటుంది, అందుకే పోయాడు."

ఎదురుగా కూర్చున్నవాణ్ణి డిపార్టుమెంటులో అందరూ పాతచొక్కా అంటారు. ఎంత ఉతికినా చిరగడని. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. రిటైర్మెంటుకి పన్నెండు రోజులుంది. రెండు మోకాళ్ళూ మెట్లు చూస్తేనే మూలుగుతున్నాయి.

"కుర్రాళ్ళెవరూ లేరా సార్?"

"వాళ్ళలో దర్జీ కొడుకులెవరూ లేరయ్యా. అన్నట్టు, ముత్యం అక్కడే ఉంది. పెళ్ళికొడుకు మేనత్త వేషంలో."

"మన తరఫునా, వాళ్ళ తరఫునా?"

"అది ఆవిడకైనా తెలుసో లేదో!" అని చీఫ్ ఇంకో మాత్ర వేసుకున్నాడు.

చెవికి మిషను తగిలించారు. చూడటానికి చెవిటివాడి మిషను, లోపల ట్రాన్స్‌మిటర్. మెడలో టేపు, చేతిలో కత్తెర, జేబులో సుద్దముక్క. పాతచొక్కా కొత్త దర్జీ అయిపోయాడు.

ఆ ఇంట్లో కుట్టుగది మూడో అంతస్తులో ఉంది. ఎక్కేసరికి ప్రాణం కడబట్టింది. సగం కుట్టిన బట్ట కుట్టుమిషను పాదం కిందే ఉంది, పోయినవాడు మళ్ళీ వచ్చి కూర్చుంటాడన్నట్టు. పాతచొక్కా ఒక్క క్షణం ఆ బట్ట మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వాళ్ళ నాన్న మిషను కూడా అలాగే ఆగిపోయింది.

"ఏమయ్యా, నువ్వేనా కొత్త దర్జీవి?" పెళ్ళికూతురి నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చేసింది. "ఈ జాకెట్టు చేతులు చూడు. పిండికట్టు కట్టినట్టు బిగిసిపోయాయి. చెయ్యెత్తి అక్షింతలు వెయ్యాలా, దండం పెట్టి ఊరుకోవాలా?"

"వదులు చేస్తానమ్మా. ఒక్క గంట."

"ఆ పోయినవాడూ గంటే అన్నాడు, పాపం!"

ఆవిడ అటు వెళ్ళగానే గుమ్మంలో సెంటు వాసన. మెడలో మూడు పేటల ముత్యాలు, ఎత్తు మడమల చెప్పులు. యాభై దాటినా నలుగురూ తిరిగి చూసే మనిషి.

"వర్షం వచ్చేలా ఉంది," అంది ముత్యం.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు పాతచొక్కా. కోడ్ సరిపోయింది. "ఎలా చంపుతున్నారు?"

ఆవిడ నోరు తెరిచేలోగా వెనక కెమెరా క్లిక్‌మంది. పెళ్ళి ఫోటోగ్రాఫరు. నవ్వకుండా చూస్తున్నాడు.

"గుండీ ఊడితే నేనే కుట్టుకుంటాలెండి మాస్టారూ," అంది గొంతు మార్చి. "ఒకప్పుడు రైల్లో ఒకాయన నేర్పాడు. ఎంత తిట్టాడో!"

వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళనాటి రైలు పాతచొక్కాకీ గుర్తే. కోటు గుండీని గుడ్డకి అంటించేసినట్టు కుట్టిందావిడ. "దళసరి గుడ్డకి దారం కాస్త వదులుగా వదిలి, చుట్టూ చుట్టి గుండీకి మెడ కట్టాలి. లేకపోతే బొత్తం పెట్టగానే గుడ్డ ముడుచుకుపోతుంది," అని గంటసేపు విసుక్కున్నాడు. ఈ వయసులో ఆవిడకి ఆ ముచ్చట ఎందుకు గుర్తొచ్చిందో అనుకుని, పనిలో పడ్డాడు.

వంటిల్లు వెతికాడు. మందు సీసాలు వాసన చూశాడు. పూలబుట్టలు తిరగేశాడు. ఏమీ లేదు. "చీఫ్, ఏమీ దొరకలేదు" అని చెవి మిషనులో చెబితే కీచుమని శబ్దం వచ్చింది తప్ప జవాబు రాలేదు.

అంతలో కింద హాల్లో సందడి. పెళ్ళయిపోయింది. షిప్పుల యజమాని కొత్త కోటులో మెరిసిపోతున్నాడు, కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"అయ్యగారూ, అల్లుడుగారిని హత్తుకోండి!" ఫోటోగ్రాఫరు అరిచాడు. "గట్టిగా! గుండెకి గుండె ఆనాలి!"

పాతచొక్కా మెట్ల మధ్యలో ఆగాడు. పొద్దుటినుంచీ ఈ మనిషి ఒక్కరినైనా నవ్వమన్నాడా? ఒక్కరినైనా గడ్డం కిందికి దించమన్నాడా? అలాంటి పెళ్ళి ఫోటోగ్రాఫరు లోకంలో ఉంటాడా? ఇప్పుడు మాత్రం ఈ ఒక్క ఫోటోకి ఇంత ఆరాటమేమిటి?

అప్పుడు కనిపించింది. కోటుకి నాలుగు గుండీలు. మూడు అందంగా మెడలెత్తి నిలబడ్డాయి. గుండె మీది రెండోది మాత్రం గుడ్డకి అంటుకుపోయి, చుట్టూ ముడతలు. ఆ దర్జీ చచ్చినా అలా కుట్టడు. అలా కుట్టేది లోకంలో ఒక్కతే.

మోకాళ్ళ సంగతి మోకాళ్ళే చూసుకుంటాయని పరిగెత్తాడు. మామ చేతులు చాచాడు. అల్లుడు ముందుకి వంగాడు.

"అయ్యా, ఆగండి! దారం వేలాడుతోంది!"

ఇద్దరి మధ్యలో దూరి, కత్తెరతో టక్కున కోశాడు. గుండీ అరచేతిలో పడింది. కత్తెర పిడితో నొక్కితే దోమ ముక్కంత సన్నటి సూది వెనకవైపు నుంచి బయటికొచ్చింది, కొసన పచ్చటి చుక్క.

ఫోటోగ్రాఫరు కెమెరా పారేసి పరుగు తీశాడు. ముత్యం నిలబడ్డచోటే కాలు కాస్త ముందుకి జరిపింది. బోర్లాపడ్డాడు. వడ్డనవాళ్ళ వేషంలో ఉన్న మనవాళ్ళు నలుగురు మీద కూర్చున్నారు. అతని జేబులో దర్జీగారి కుట్టుగది తాళంచెవి దొరికింది.

స్తంభం చాటున ముత్యం అంది: "వాడు పక్కనే నిలబడి కుట్టించాడు. మెడ కట్టకుండా కుట్టాను. నువ్వు వస్తే చూస్తావని."

"నేను రాకపోతే?"

"నేనే అడ్డం పడేదాన్ని. అంతే."

"మరి దర్జీ?"

ఆవిడ తల దించుకుంది. "నేను వచ్చేసరికే అయిపోయింది. అలసిపోయానయ్యా. రెండు వైపులా నవ్వి నవ్వి దవడలు నొప్పెడుతున్నాయి. వెనక గేటు దగ్గర మీవాళ్ళున్నారా?"

పాతచొక్కా చెవి మిషను తీసి, దులిపి, జేబులో వేసుకున్నాడు. "బ్యాటరీ అయిపోయింది. వెనక గేటు గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు."

ముత్యాలు ఒక్కసారి తళుక్కుమని మాయమయ్యాయి.

షిప్పుల యజమాని వచ్చి పాతచొక్కా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. పాతచొక్కాకి ఇంటికెళ్ళి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవాలని తప్ప వేరే కోరిక లేదు. గుమ్మం దాకా వెళ్ళాడు కూడా. కర్ర అడ్డం వచ్చింది.

"గుండీ కోసి పారిపోతున్నావా? నా చేతులెవరు వదులు చేస్తారు?" అంది నాయనమ్మ.

మూడంతస్తులు మళ్ళీ ఎక్కాడు. పోయినవాడి స్టూలు మీద కూర్చున్నాడు. మిషను కింద సగంలో ఆగిన బట్ట ముందు పూర్తి చేశాడు, తర్వాత జాకెట్టు విప్పి కుట్టాడు. సాయంత్రం అయింది. నాయనమ్మ తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, ఎడమది ఇంకా బిగుతే అంది.