బంతిపువ్వు సందులోంచి

"ఆ దారంతో ఏం కుడ్తరు మేడం? బొత్తాం గూడ ఆగదు దానికి."

శాలిబండలో గుండయ్య గారి లేసులు, లైనింగుల దుకాణంలో కూర్చున్న ఆయన కొడుకు నిఖిలేష్ ఈ మాట నవ్వించడానికే అన్నాడు. ఎదురుగా ఉన్న ఆశ్రితకు మాత్రం నవ్వు రాలేదు. షేర్ ఆటో దిగి దుకాణం మెట్లెక్కేలోపే తొలకరి వాన ఆమెను నిలువునా తడిపేసింది.

"కుట్టను, అల్లుత. క్రోషియా సూదితోని. గింత సన్నదే కావాలె. ఉన్నదా లేదా చెప్పన్నా."

బజార్లో ఎవరినైనా అన్నా అనే అంటారు. అయినా అతను చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

"అల్లుకునుడెందుకు? రెడీమేడ్ లేసు మస్తున్నది. మీటర్ల లెక్కన కోసిస్త, తీస్కపోయి కుట్టేస్కోండి."

"మా అక్క పెండ్లికి అడ్డుతెర అల్లుతున్న. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పిల్లకు, పిలగానికి నడుమ పట్టుకుంటరు చూడు, అది. మొత్తం నా చేతులతోనే."

"మొత్తమా?"

"మొత్తం."

నిఖిలేష్ ఆమె వేళ్లకేసి ఒకసారి చూశాడు. లోపలికెళ్లి ఒక్క దారపు ఉండ తెచ్చి ముందు పెట్టాడు. "ఇదొక్కటే ఉన్నది. అయిపోయినంక మళ్ల రండి, తెప్పిస్త."

నిజానికి ఆశ్రితకు మొదలుపెట్టడం బాగా వచ్చు. పూర్తి చేయడమే రాదు. టీవీ మీదికి అల్లిన గుడ్డ సగం టీవీ దాకానే వచ్చి ఆగిపోయింది. మేనత్త మనవడికి మొదలుపెట్టిన స్వెట్టరుకు ఒక చెయ్యే ఉంది. ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. నాన్నకు గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల దుకాణం. "మీ నాయిన పూలు పొద్దుమీకి వాడిపోతయ్. నీ పూలు అసలు పూయనే పూయవు," అంటూ అమ్మ విజయలక్ష్మి చుట్టాల ముందు కూడా దెప్పేది.

అక్క కీర్తిప్రియ మాత్రం వేరే తెర కొననివ్వలేదు. "చెల్లె అల్లుతున్నది. అది లేకుంటే నేను పీటల మీద కూసోను," అని అందరి ముందూ చెప్పేసింది. శ్రావణంలో పెళ్లి. ఈసారి కూడా సగంలో ఆగితే పోయేది తన మాట ఒక్కటే కాదు, అక్క మాట కూడా.

పని కూడా మామూలుది కాదు. అంచు పొడుగునా మల్లెలు, నడుమ బంతులు, మూలల్లో కనకాంబరాలు. నాన్న దుకాణంలో ఉన్న పూలన్నీ తెర మీదికి రావాలని ఆమె పంతం. అల్లిక నేర్పిన పక్కింటి మజీదా ఆపా రోజూ వచ్చి కళ్లద్దాలు సవరించుకుని చూసేది. "ఈ పువ్వు వంకర వచ్చింది బేటీ. విప్పు," అని చల్లగా చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయేది.

దారం అయిపోయినప్పుడల్లా శాలిబండ ప్రయాణం. వెళ్లినప్పుడల్లా ఒక్క ఉండే దొరికేది. దాంతోపాటు కాసిన్ని కబుర్లు, వాన తగ్గేదాకా కూర్చోవడానికి ఒక స్టూలు. ఆమె 'అన్నా' అని పిలవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. అతనికి మాత్రం బాగా తెలుసు. ఆ రోజు సమోసాలు కూడా తెప్పించాడు.

ఒకసారి అతను అల్లినంత మేర తెరను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దాని వెనక నుంచి ఎంతసేపటికీ కదలలేదు.

"ఏం చూస్తున్నవ్?"

"పని చూస్తున్న." దించేసరికి అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఆశ్రిత తన ఆటో కళ్ల ముందు నుంచే పోతున్నా చూడలేదు.

శ్రావణం దగ్గర పడ్డాక ఒక రోజు దుకాణంలో గుండయ్య గారు ఒక్కరే ఉన్నారు. "ఒక్క ఉండ ఏం సరిపోతదమ్మా? పైన డబ్బాలకు డబ్బాలున్నయ్. మావోడు ఎవ్వరికీ అమ్మొద్దని దాచిపెట్టిండు."

అప్పుడే గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చిన నిఖిలేష్ అక్కడే ఆగిపోయాడు.

"ఎందుకు దాచినవ్?" అంది ఆశ్రిత.

"లాట్ మారితే తెలుపు మారుతది. సగం తెర పాల లెక్క, సగం మీగడ లెక్క ఉంటే బాగుండదని."

"మంచిదే. మరి ఒక్కొక్కటే ఎందుకిచ్చినవ్?"

అతను తండ్రి వైపు చూశాడు, వాన వైపు చూశాడు. "నువ్వు మళ్ల రావాలని."

ఇంకో అమ్మాయి అయితే అక్కడే కరిగిపోయేదేమో. ఆశ్రితకు ఒళ్లు మండింది. "దారం లేక నేను చేతులు ముడుచుకొని కూసున్న రోజులు ఎన్నో తెల్సా నీకు? ఇది కాకుంటే మా అక్క తల ఏడ పెట్టుకోవాలె? డబ్బా దించన్నా."

ఆఖరి మాట కావాలనే అంది. అది తగలాల్సిన చోట తగిలిందని అతని మొహమే చెప్పింది.

కోపం కూడా ఒక్కోసారి పనికొస్తుంది. ఆమె వేళ్లు అంత వేగంగా ఎన్నడూ కదల్లేదు. పెళ్లి ముందు రోజు పొద్దున్నే ఆఖరి ముడి పడింది. అమ్మ వచ్చి తెరను నిమిరి, "పూసినయ్ బిడ్డా," అంది మెల్లగా. ఆశ్రితకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ముందు గుర్తొచ్చినవాడు నిఖిలేష్. దాంతో మళ్లీ కోపమొచ్చింది.

పెళ్లి పీటల దగ్గర తెర లేచింది. చుట్టాలంతా ఆహా అన్నారు. ఆ వెంటనే ఎవరో కిసుక్కున నవ్వారు.

పెళ్లికొడుకు ఒక బంతిపువ్వు సందులోంచి కీర్తిప్రియను హాయిగా చూస్తున్నాడు. కీర్తిప్రియ మల్లెల సందులోంచి నవ్వుతోంది. పంతులు గారు మంత్రం ఆపేశారు. "ఏందమ్మా ఇది? తెరంటే అడ్డముండాలె. ముహూర్తం దాకా ఒకరికొకరు కనబడొద్దు. ఇది కిటికీ లెక్క ఉన్నది."

ఇన్నాళ్లూ అది ఆశ్రిత ఒళ్లో, ఆమె రంగు దుస్తుల మీదే ఉంది. పూలు చూసినవాళ్లే గానీ వాటి నడుమ సందులు చూసినవాళ్లు లేరు. మజీదా ఆపాకు ఈ ఆచారం సంగతి తెలియదు. తెలిసిన అమ్మ పూలు చూసి మురిసిపోయింది.

"ఏదన్నా దుప్పటి తెండ్రి," అన్నారెవరో. తన తెరను మడిచి పక్కన పెట్టేస్తారని ఆశ్రిత గబగబా పీటల దగ్గరికి వచ్చింది.

"దుప్పటి వద్దు. ఇది సరిపోతది."

నిఖిలేష్. ఆశ్రిత వద్దన్నా వినకుండా, దారమిచ్చిన దుకాణమని అమ్మ గుండయ్య గారికి పెళ్లికార్డు ఇచ్చి వచ్చింది మరి. అతని చేతిలో మెరూన్ రంగు లైనింగ్ గుడ్డ, గుప్పెడు పిన్నీసులు ఉన్నాయి. గుడ్డను తెర వెనక ఆనించి అంచులకు గబగబా పిన్నీసులు పెట్టాడు. తెల్లటి పూలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. తను అల్లింది ఇంత బాగుందా అని ఆశ్రితే ఆశ్చర్యపోయింది.

"ఇగ ఇది తెర," అన్నారు పంతులు గారు. "టైమ్ లేదు. మీరిద్దరే చెరో కొస పట్టుకోండి."

మంత్రాలు మళ్లీ మొదలయ్యాయి. ఆశ్రిత పెదవులు కదపకుండా అడిగింది. "నీకెట్ల తెల్సు?"

"దుకాణంల ఎత్తి పట్టుకున్ననాడే తెల్సింది. బంతిపువ్వు సందులకెళ్లి నువ్వు మంచిగ కనబడ్డవ్."

"అప్పుడే చెప్పొద్దా?"

"చెప్తే మొత్తం విప్పేస్తవని భయమైంది. ఆ రోజే గుడ్డ కోసి పెట్టిన. తెచ్చిద్దామంటే నువ్వు మళ్ల అన్నా అంటివి." అతను తెర కొసను సర్దుకున్నాడు. "దారం సంగతి తప్పే. కానీ నువ్వంటే నాకు మస్తు ఇష్టం ఆశ్రితా."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. తెర వణికింది.

"ఇగ అన్నా అనను," అంది. "నాక్కూడా ఇష్టమే."

బాజాలు మోగాయి. తెర దించమని పంతులు గారు చెప్పారు. చెరో కొస పట్టుకున్న ఇద్దరికీ వినబడలేదు. కింది నుంచి గుండయ్య గారే గొంతెత్తారు. "దించుర నిఖిలేషూ. ముందు వాళ్ల పెండ్లి కానీ."

మండపమంతా నవ్వింది. తెర దిగింది. అక్షింతల హడావుడి సద్దుమణిగాక విజయలక్ష్మి దాన్ని జాగ్రత్తగా మడిచి, గుండయ్య గారి వైపు చూస్తూ అంది. "భద్రంగ దాచిపెడ్త అన్నా. మళ్ల కావాలె గద."

"అది అక్కది," అంది ఆశ్రిత. "నాది నేను కొత్తగ అల్లుకుంట." అని నిఖిలేష్ వైపు తిరిగింది. "ఈసారి దారం ఒక్కసారే ఇయ్యి."

"ఒక్కొక్కటే ఇస్త," అన్నాడతను. "కానీ ఈసారి నేనే మీ ఇంటికొచ్చి ఇస్త."