మేపి పంపిన పురుగులు

“మీ పురుగులు కావాలి,” అంది ఆమె.

“ఎందుకండీ?”

“చంపడానికి.”

వరి పరిశోధన కేంద్రంలో వాళ్లిద్దరి తొలి పరిచయం ఇది. అతను పురుగుల గదికి ఇన్‌చార్జి. వరి కాండాన్ని లోపల్నుంచి తొలిచేసే పురుగుల్ని గుడ్ల దగ్గర్నుంచి పెంచి పరీక్షలకి అందించడం ఉద్యోగం. వాళ్లమ్మ మాత్రం చుట్టాలతో, “మావాడి చేతికింద వేలల్లో ఉన్నారు,” అని చెప్పుకుంటుంది. అబద్ధమేం కాదు.

ఆమె కొత్తగా వచ్చిన మొక్కల మేడమ్. వరిలోకి కొత్త జన్యువొకటి ఎక్కించింది. ఆ మొక్కని కొరికిన పురుగు కడుపు చెడి చస్తుంది. రైతుకి మందు కొట్టే బాధ తప్పుతుంది.

“పెంచేది నేను, చంపేది మీరు. బాగానే ఉంది,” అన్నాడు.

“పోనీ రెండూ మీరే చెయ్యండి. నాకు పని తగ్గుతుంది.”

అంతే, పడిపోయాడు. రోజంతా పురుగుల మధ్య గడిపేవాడికి ఎవరైనా తిరిగి జవాబు చెప్పడమే గొప్ప.

పూలివ్వడానికి ధైర్యం చాల్లేదు. మధ్యతరగతి మనిషికి ప్రేమ పుడితే ముందు ఎవరికో ఒకరికి కడుపునిండా తిండి పెడతాడు. ఇతను పురుగులకి పెట్టాడు. అందరికీ గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ, నూలుపోగంత పిల్లల్ని ఇచ్చేవాడు. ఆమెకి మాత్రం బొద్దుగా, నిగనిగలాడేవి ఏరి, శుభ్రమైన డబ్బాలో పెట్టి పంపేవాడు.

అవి వెళ్లి ఆమె మొక్కల్ని సుబ్బరంగా తిన్నాయి. రెండోసారీ తిన్నాయి.

“ఇంకోసారి ఇలాగే అయితే మొక్కలన్నీ పీకి కాల్చేద్దాం,” అన్నాడు కేంద్రాన్ని నడిపే పెద్దాయన. కరెంటు పొదుపు గురించి ఏసీ గదిలో గంటసేపు మీటింగ్ పెట్టే మనిషి.

ఆ సాయంత్రం ఆమె తడిసిన గొడుగుతో పురుగుల గదికి వచ్చింది. బయట వాన. లోపల ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. అతన్ని వానకంటే అదే భయపెట్టింది.

“ఇవాళ గొడవ పెట్టుకోరా?”

“ఓపిక లేదు. ఇక్కడికి రాకముందు నుంచీ చేస్తున్న నాలుగేళ్ల పని. రేపటి పరీక్షతో బూడిదే. మీ పిల్లలే గెలిచారు లెండి.”

“బాధపడకండి. రేపటికి ఇంకా మంచివి తీసిపెట్టాను.”

“మంచివంటే?”

“బాగా తిన్నవి.”

ఆమె డబ్బా మూత తీసి చూసింది. “ఇవి తిన్నవా?”

“మీకోసం రెండ్రోజులు విడిగా మేపుతానండీ. ఆ బక్కవి మీకెలా ఇస్తాను?”

ఆమె స్టూలు మీద కూలబడింది. “అప్పుడే పుట్టినవైతే నా మొక్క కొరగ్గానే చస్తాయి. మీరు మేపి, బలం పట్టించి పంపిస్తే ఎందుకు చస్తాయండీ బాబూ?”

ఈ సంగతి అతనికి తెలియంది కాదు. చదివాడు, పరీక్ష కూడా రాశాడు. ప్రేమ సిలబస్‌లో లేకపోవడంతో ఆ పాఠం టైముకి గుర్తురాలేదు.

“అయినా నాకే ఎందుకీ స్పెషల్ మర్యాద?”

అతను కిటికీలోంచి వాన వైపు చూశాడు. అది మాటలేమీ అందించలేదు.

“పురుగుల్ని చూసుకునేది జీతం కోసమండీ. మిమ్మల్ని... ఊరికే.”

ఆమె గొడుగు దులిపింది. దులపాల్సినదానికంటే చాలాసేపు దులిపింది.

“పదండి, పెద్దాయనకి జరిగింది చెబుదాం. ఆ ఊరికే సంగతి మాత్రం ఎత్తకండి. దానికీ మీటింగ్ పెడతాడు.”

పెద్దాయన చీవాట్లు పెట్టి, చివరి పరీక్షకి ఒప్పుకున్నాడు. ఈసారి బక్కవే వెళ్లాయి.

పరీక్ష గడువు తీరాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాండాలు చీల్చి చూశారు. మామూలు వరిలో పురుగులు హాయిగా ఉన్నాయి. ఆమె వరిలో అన్నీ చచ్చిపడున్నాయి.

“ఒక్కటీ మిగల్లేదండీ,” అన్నాడతను, కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చిన తండ్రిలా.

ఆమె భూతద్దం పక్కన పెట్టింది. “మీ అమ్మగారికి ఫోన్ కలపండి.”

“ఇప్పుడా?”

“మీకు వదిలేస్తే ఇంకా ఎవర్నో మేపుతూ కూర్చుంటారు.”

కలిపి స్పీకర్‌లో పెట్టాడు. ఆమె విషయమంతా తిన్నగా చెప్పేసింది.

“అంతా బాగానే ఉంది గానీ, నువ్వేం చేస్తుంటావమ్మా?” అంది అమ్మ.

“మీవాడు పెంచిన పురుగుల్ని చంపుతుంటానండీ.”

 అతను ఫోన్ లాక్కోబోయాడు.

“బతికించావు తల్లీ,” అంది అమ్మ. “ఇంట్లో బొద్దింక కనబడితే వీడు తలుపు తీసి దారి చూపిస్తాడు. మీవాళ్లతో మాట్లాడ్డానికి ఎప్పుడు రమ్మంటావు?”