పేరు లేని కిటికీ

వెన్నెలపాడులో పొద్దు పొడిచి వారమైంది. చంద్రుడి మీద పొద్దు పొడిచిందంటే మళ్ళీ రెండు వారాలదాకా గుంకదు. జనం గుమ్మటాల్లోంచి గొట్టపు దారుల్లోకి వచ్చి, నుదుటి పట్టీలు సరిచేసుకుంటూ పనికి పోతున్నారు. తాతారావు ఎదురైతే ఆగి మరీ దండం పెడుతున్నారు.

"నీ కడుపు చల్లగుండ తాతారావూ! ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను" అంది నీళ్ళ గుమ్మటం ముసలావిడ.

తాతారావు తలెత్తలేదు. నిద్రలేనిది తనకొక్కడికే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆ పట్టీ ఆయన చేసిందే. పేరు బహుచూపు. వెన్నెలపాడులో ప్రతి గుమ్మటానికీ ఒక ఫైలు ఉంటుంది. గాలి ఎంత, వేడి ఎంత, నీరు ఎంత, అంతా ఉత్త అక్షరాలే. యంత్రాలు ఆ ఫైలు చదివి నడుచుకుంటాయి. బొమ్మల తెరలు అక్కడి దుమ్ముకూ ఎండకూ ఆగలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల టెర్మినల్ ఒక్కటే ఆగింది. పూర్వం మనిషి ఒక ఫైలు తెరిచి, దిద్ది, మూసి, ఆ తర్వాత ఇంకోటి తెరిచేవాడు. బహుచూపు వచ్చాక తెర నుదుటి లోపలికి పోయింది. ఒక్క మనసులో ఎన్ని కిటికీలంటే అన్ని. చూస్తున్నవి ముందు ఉంటాయి, చూడనివి వెనక్కి వెళ్ళి దాక్కుంటాయి. దాక్కున్నంత మాత్రాన మూసుకుపోవు. ఏ కిటికీలో దిద్దినదైనా "రాయి" అన్నాకే ఫైల్లోకి ఎక్కుతుంది. పని దిగేటప్పుడు అందరూ "అన్నీ రాయి" అని పట్టీ తీస్తారు. చెప్పులు విడిచినంత అలవాటుగా అంటారు ఆ మాట.

ఆ అలవాటే కొంప ముంచింది.

విత్తనాల గుమ్మటం మంగతాయారుది. చంద్రుడి మట్టిలో మొలిచి కంకివేసే వరి కోసం ఆవిడ పెళ్ళీ పేరంటం మానుకుని కూర్చుంది. తొలి పంట పాలుపోసుకుంటోంది. కిందటి పొద్దు గుంకే ముందు, చీకటి రోజులకు సరిపడా వేడి పెంచుదామని ఫైలు తెరవబోయింది. ఇంకెవరో తెరిచి ఉంచారని అక్కడ గుర్తు కనబడింది. ఆ గుర్తుంటే ఇంకొకరు దిద్దడానికి వీల్లేదు. తాతారావును పిలిచింది.

"అన్నయ్యా, నా ఫైలు నువ్వేమన్నా తెరిచావా?"

"నీ ఫైలు నాకెందుకే? పాత గుర్తేదో మిగిలిపోయుంటది. తీసిపారెయ్."

"తీసేస్తే ఏం కాదుగా?"

"ఇక్కడ నా బుర్రలో బోలెడు కిటికీలు తెరుచుకునున్నాయి తల్లీ, చంపకు. తీసెయ్యి."

తీసేసింది. వేడి పెంచి, రాసి, గుమ్మటం బిగించింది. చీకటి రోజుల్లో దాన్ని ఎవరూ తెరవరు, వేడి పోతుందని.

నిజానికి ఆవిడ పిలవకముందే, ఆ రోజు పొద్దున, పట్టీని పరీక్షించడానికి తాతారావు ఆ ఫైలు తెరిచాడు. వేడి తగ్గించి చూశాడు. అంతలో ఎవరో పిలిస్తే ఆ కిటికీ వెనక్కి జారిపోయింది, ఆయన మరిచిపోయాడు. పని దిగుతూ "అన్నీ రాయి" అన్నాడు. వెనక దాక్కున్న పాత రాత వచ్చి ఆవిడ కొత్త రాత మీద కూర్చుంది. హెచ్చరిక గంట కూడా ఆ ఫైలు చెబితేనే మోగుతుంది. మోగలేదు.

మళ్ళీ పొద్దు పొడిచి గుమ్మటం తెరిస్తే కంకులు గాజుపుల్లల్లా విరిగాయి. డబ్బీలో దాచిన గుప్పెడు గింజలు మాత్రం మిగిలాయి.

సభలో ఊరిపెద్ద కోటిలింగం గారు అడిగారు. "ఆ గుర్తు తీసిందెవరమ్మా?"

"నేనేనండి."

"నీ అంతట నువ్వే తీశావా?"

మంగతాయారు తాతారావు వైపు చూసింది. ఆయన తన కాలి బొటనవేలు చూసుకున్నాడు. ఆవిడ కూడా తల దించుకుంది. ఆవిడను విత్తనాల పని నుంచి తప్పించి, చంద్రుడి అవతలి వైపు దుమ్ము జల్లెడ పట్టే పనికి పంపాలని తేల్చారు.

ఆ రోజు తాతారావు పట్టీ తీయబోతుంటే అందులోని యంత్రం అడ్డం పడింది.

"ఒక కిటికీ ఇంకా తెరిచే ఉందండి. రాయలేదు. పేరు కూడా లేదు. రాయమంటారా?"

"నేనలాంటిదేం తెరవలేదే!"

"మీరే తెరిచారండి."

"వద్దు. వదిలెయ్."

వదిలేసింది. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. తాతారావుకు సంగతి బోధపడింది. ఏది చేతిపని, ఏది మనసు తనంతట తాను తెరిచి పెట్టుకున్నది అని పట్టీకి తేడా తెలియదు. రెండింటినీ ఒకలాగే పట్టుకుంటుంది. రాయమంటే దానికో పేరు పెట్టాలి. పేరు పెడితే ఊరంతా చూస్తుంది. లోపల ఏముందో ఆయన తెరిచి చూడలేదు. చూడకుండానే తెలుసు.

చివరికి పట్టీని తనే మరమ్మతు చేశాడు. పేరు లేని కిటికీల గురించి అడగొద్దని ఒక్క వాక్యం చేర్చి, కొత్త వెర్షన్ ఊరందరికీ పంపాడు. నిన్నటి మాట అది. అందరినీ రోజూ అలాగే అడుగుతోందన్నమాట; ఈవేళ అందరూ ఆగి దండాలు పెడుతున్నది అందుకే. ఎవరి కిటికీలో ఏముందో ఎవరూ అనరు. ఆయనా అడగలేదు.

బండి ఆగే చోట మంగతాయారు ఒక సంచీతో నిలబడి ఉంది.

"వెళ్తున్నావా తాయారూ?"

"వెళ్తున్నానండి, తాతారావు గారూ."

ఆవిడ ఎప్పుడూ ఆయన్ను గారూ అనలేదు.

"ఆ గుర్తు మీద మీ పేరుంది" అంది ఆవిడ మెల్లగా. "చూసే మిమ్మల్ని పిలిచాను."

"మరి... సభలో చెప్పలేదేం?"

"అన్నయ్యే చెబుతాడులే అనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. పోనీ, రోజూ యంత్రం అడుగుతుందిగా, ఏదో ఒకనాటికి విసిగైనా చెబుతాడనుకున్నాను." సంచీ భుజాన వేసుకుంది. "ఆ అడిగే నోరు కూడా నొక్కేశారు. ఇక నేను దేనికోసం చూడాలి చెప్పండి?"

తాతారావు వెనక్కి తిరిగి కోటిలింగం గారి గదికి పరుగులాంటి నడక నడిచాడు. ఆయన పట్టీ పెట్టుకునే టీ తాగుతున్నారు. మొహం తేటగా ఉంది.

"రావయ్యా రా! నీకు సన్మానం చేద్దామనుకుంటున్నాం."

"బండి ఆపించండి. ఆ పంట చంపింది నేనండి. గుర్తు తీయమన్నది నేను. పాత రాత రాసిందీ నేనే. గుప్పెడు గింజలున్నాయి, వాటిని మొలిపించడం ఆవిడకొక్కదానికే తెలుసు."

కోటిలింగం గారు కప్పు కింద పెట్టారు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశారు.

"ఇప్పుడెవరడిగారయ్యా నిన్ను?"

"ఎవరూ అడగలేదండి."

"మరింకేం! ఊరంతా ఇప్పుడే కాస్త ఊపిరి తీసుకుంటోంది. నువ్వు నీది విప్పావనుకో, రేపు నన్నూ నాది విప్పమంటారు." ఆయన గొంతు తగ్గింది. "నాది నీదానికన్నా పెద్దదయ్యా. వెళ్ళిరా."

గొట్టపు దారి అద్దంలోంచి బండి లేపిన దుమ్ము కనబడింది. గాలి లేని చోట దుమ్ము తేలదు. లేచినంతా లేచినట్టే నేలకు పడిపోయింది.

తాతారావు తన గదికి వచ్చి పట్టీ పెట్టుకున్నాడు. ఏ ఫైలూ తెరవలేదు. కాసేపు కూర్చుని, తీయడానికి చెయ్యి ఎత్తాడు.

"అన్నీ రాసేశారండి. మిగిలిందేమీ లేదు" అంది యంత్రం.

"అడుగు" అన్నాడాయన.

"ఏమడగాలండి?"