ఉప్పేసిన కస్టర్డ్

"ఇది పుడ్డింగా, కషాయమా?"

పాస్తా అబ్బాయి స్వీట్ల అమ్మాయితో అన్న మొట్టమొదటి మాట ఇది. ఎంత ముచ్చటైన పరిచయమో చూడండి! ఆ రిసార్ట్ బఫేలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పాస్తా, సుషీ, సలాడ్, స్వీట్లు... ఎవరి కౌంటరే వాళ్ల పేరు. సముద్రం కనిపించే అద్దాల హాల్లో అతిథులు ప్లేటు పట్టుకుని దేశదేశాలు తిరిగేస్తుంటే, వీళ్లు పళ్లికిలించి నిలబడాలి.

ఆ పిల్ల మాత్రం ఆ రోజు నవ్వలేదు. వాణ్ని కోల్డ్ రూమ్ పక్కకి లాక్కెళ్లి బావురుమంది.

"జ్వరం వచ్చి తగ్గింది. అప్పట్నుంచీ నోటికి రుచి తెలీట్లేదు. పెద్ద చెఫ్‌కి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు."

"చెప్పను. ముందు ఆ ఏడుపు ఆపు. రోజూ నా దగ్గరికి పట్రా, రుచి చూసి చెప్తా."

అలా మొదలైంది. బఫే తెరిచేముందు ఆ పిల్ల చెంచాతో రావడం, వీడు మహా పండితుడిలా కళ్లు మూసుకోవడం.

"పంచదార తగ్గింది."

"నీ మొహం! సరిగ్గానే వేశాను."

"వేశావు తల్లీ, సగం వేశావు."

"ఉన్నదున్నట్టు అంటావు. అందుకే నువ్వు నచ్చుతావు," అంది ఒకసారి. ఆ పూట వాడి పాస్తా ఉడికి ముద్దయిపోయింది. పెద్ద చెఫ్ నానా తిట్లూ తిట్టాడు. ఒక్కటీ వీడి చెవికెక్కలేదు. కానీ నువ్వంటే ఇష్టం అన్న ముక్క మాత్రం గొంతు దాటి బయటికి రాలేదు, వెధవ గొంతు!

తర్వాత వచ్చింది ఆ దిక్కుమాలిన రోజు. హడావుడిలో సలసల కాగే టమాటా సాస్ నోట్లో పోసుకున్నాడు. నాలుక బొబ్బలెక్కింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల చెంచాడు కస్టర్డ్ పట్టుకొచ్చింది. పెదవి బిగించినా నవ్వు ఆగట్లేదు.

"బాగా చూసి చెప్పు."

వాడి నోటికి చల్లగా తగిలింది. అంతే, ఇంకేం తెలీలేదు. నాలుక కాలిందంటే చెంచా పట్టుకుని సుషీ అన్న దగ్గరికి పోతుంది. ఒకసారి పోతే మళ్లీ తన దగ్గరికి వస్తుందో రాదో! అయినా ఈమధ్య ఆ పిల్ల చేతిలో ఒక్క పొరపాటూ జరగట్లేదు కదా అనుకున్నాడు.

"అదిరింది."

"నిజంగా?"

"ఒట్టు! ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. చెంచా లాక్కుని వెళ్లిపోయింది. వీడు బుర్ర గోక్కున్నాడు.

కాసేపటికి సుషీ అన్న చేపముక్కలు కోస్తూ చల్లగా చెప్పాడు. "స్వీట్లమ్మాయి ఏదో ద్వీపంలో కొత్త రిసార్ట్‌కి వెళ్తోందట. పెద్ద పోస్టు. ఆలోచించి చెప్తానన్న మనిషి, ఇప్పుడే చెఫ్‌కి సరేనంది."

వాడు పరిగెత్తాడు. ఆ పిల్ల తన కత్తులు తుడిచి గుడ్డలో చుడుతోంది.

"వెళ్తున్నావా? నాకొక్క మాటైనా చెప్పవా?"

"ఇందాక చెప్పడానికే వచ్చాను. ఆ కస్టర్డ్‌లో పంచదార లేదు, గుప్పెడు ఉప్పుంది."

"ఉప్పా? నీకెలా తెలిసింది?"

"నేనే వేశాను. నా నోరు ఎప్పుడో బాగైంది. బాగైందంటే రోజూ నీ దగ్గరికి రావడానికి సాకేముంటుంది? నువ్వు థూ అంటావు, నేను నవ్వుతా, అన్నీ చెప్పేద్దాం అనుకున్నా. వెళ్లొద్దని నువ్వంటే ఆగిపోదామనుకున్నా. నువ్వేమో అదిరిందన్నావు. రోజూ నా మొహం చూసి ఇలాగే ఏదో ఒకటి అనేవాడివన్నమాట."

"అయ్యో, లేదు! ఇవాళ ఒక్కరోజే! నాలుక కాలింది, కావాలంటే చూడు!" అని నాలుక బయటపెట్టాడు.

ఆ పిల్ల చూసింది. ఫక్కున నవ్వింది, ఆ నవ్వులోంచే ఏడ్చేసింది. "కాలిందని చెప్పి చావొచ్చుగా!"

"ఇంకొకరి దగ్గరికి పోతావని భయమేసింది. నువ్వంటే నాకు ప్రాణం. వెళ్లకు."

"నా బదులు ఇంకొకామెని చెఫ్ అప్పుడే ఖాయం చేసేశాడు. ఇక్కడ నాకు చోటు లేదు. అక్కడ రెండేళ్ల ఒప్పందం."

"రెండేళ్లేంటి, పదేళ్లైనా ఆగుతాను."

"ఇందాక ఒట్టు పెట్టింది కూడా ఈ నోటితోనేగా! ఏది నమ్మను చెప్పు?" కళ్లు తుడుచుకుంది. "పోనీ, ఉండిపోనా? ఉద్యోగం పోతే పోయింది. ఉండమను, ఉంటాను."

వాడికి కోల్డ్ రూమ్ పక్కన దణ్ణం పెట్టిన చేతులు కళ్లముందు మెదిలాయి. రుచి తెలియని నోటితో కూడా వదులుకోని ఉద్యోగం అది. ఉండమనాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"వెళ్లు," అన్నాడు. "ఇలాంటి అవకాశం మళ్లీ రాదు."

ఆ పిల్ల వాడి మొహంలోకి చూస్తూనే కత్తుల మూట బిగించి కట్టింది.

"ఇలాంటివి మళ్లీ వస్తాయని ఈసారి అబద్ధం ఆడొచ్చు కదరా," అంది.

హాల్లోంచి పెద్ద చెఫ్ కేకేశాడు, పాస్తా కౌంటర్ దగ్గర జనం నిలబడ్డారని. వాడు ఏప్రాన్ సర్దుకుని వెళ్లాడు.